మిరియాల తీగలో మూడు రకాలు చూసిన మనిషి: విలియం రాక్స్‌బర్గ్

వృక్షశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ మొక్క శాస్త్రీయ నామం చివర ఒక చిన్న తోక కనిపిస్తుంది. ఆ మొక్కను మొదట వర్ణించి, పేరు పెట్టిన వ్యక్తి పేరును కుదించి రాసే తోక అది. పరీక్షలో అది మరిచిపోతే అర మార్కు పోతుందనే భయం తప్ప, ఆ తోక వెనక ఒక మనిషి ఉన్నాడని, ఆయనకూ ఒక బ్రతుకు ఉందని మనలో ఎంతమందిమి ఆలోచిస్తాం? మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మొక్కల జాబితా ఏదైనా తీసి చూడండి. ఈత చెట్టు, తుమికి చెట్టు, ఆగాకర తీగ, సోమిద చెట్టు. ఈ నాలుగింటి శాస్త్రీయ నామాల్లోనూ ఒకే తోక వస్తుంది: రాక్స్‌బ. అని. ఆ పొట్టి పేరు గల మనిషి విలియం రాక్స్‌బర్గ్. మన సర్కారు జిల్లాల్లోనే పన్నెండేళ్ళు కాపురం ఉన్న స్కాట్లండు వైద్యుడు. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని ఆయనకు పేరు.

నేను బి.ఎస్సీ. రెండో ఏడు చదువుతున్నాను. మాది వ్యవసాయ కుటుంబం. ఈ సంచికకు ఒక శాస్త్రజ్ఞుడి జీవితం రాయమన్నప్పుడు చాలా పేర్లు తలపుకొచ్చాయి. చివరికి రాక్స్‌బర్గ్‌నే ఎంచుకోవడానికి కారణం ఒక్కటే. మొక్కల్లో ఆడా మగా వేరుగా ఉండటం అన్నది మనకు పుస్తకంలో ఒక పాఠం. మా ఇంట్లో అది కాపుకీ, డబ్బుకీ సంబంధించిన విషయం. ఈ రెండింటినీ కలిపి చూసిన మనిషి ఈ తీరాన రెండు వందల ఏళ్ళకు పూర్వమే ఉన్నాడని తెలిసి ఆశ్చర్యపోయాను.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో పుట్టాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివాడు. ఆ రోజుల్లో వైద్యం చదివేవాడు మొక్కలు కూడా చదవాలి, ఎందుకంటే మందులన్నీ మొక్కల్లోంచే వచ్చేవి. అక్కడ జాన్ హోప్ అనే ఆచార్యుడు వృక్షశాస్త్రం చెప్పేవాడు. స్వీడన్ దేశపు లిన్నేయస్ ఏర్పరచిన వర్గీకరణను బ్రిటనులో బాగా వ్యాప్తిలోకి తెచ్చినవారిలో హోప్ ఒకడు.

ఇక్కడ లిన్నేయస్ పద్ధతి గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. మొక్కల్లో కూడా స్త్రీ పురుష భేదం ఉందని జర్మనీ దేశస్థుడు కామెరేరియస్ 1694లోనే ప్రయోగాలు చేసి చూపించాడు. మగ మొక్కలను దూరం చేస్తే ఆడ మొక్కలకు మంచి గింజ పట్టలేదని ఆయన గమనించాడు. లిన్నేయస్ దాన్నే పునాదిగా తీసుకుని, పువ్వులోని కేసరాలను లెక్కపెట్టి మొక్కలను 24 తరగతులుగా విభజించాడు. ఆడపూలూ మగపూలూ వేరువేరుగా ఒకే మొక్కమీద ఉంటే 21వ తరగతి. మన కొబ్బరి, మొక్కజొన్న, ఆముదం ఇలాంటివే. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు అయితే 22వ తరగతి. మన తాడి, ఈత, దొండ, ఆగాకర ఇందులోకి వస్తాయి. వీటిని మన పాఠ్యపుస్తకాల్లో ఏకలింగాశ్రయులు అంటున్నాం. ఇవీ అవీ కలగలిసి ఉంటే 23వ తరగతి. ఈ పద్ధతి ఇప్పుడు వాడుకలో లేదు. కాని అది ఒక మంచి అలవాటు నేర్పింది. మొక్కను చూడగానే ఆకు చూసి సరిపెట్టుకోకుండా, పువ్వు విప్పి, కేసరాలెన్ని, అండాశయం ఉందా లేదా అని చూడాలి. రాక్స్‌బర్గ్‌కు ఆ అలవాటు జీవితాంతం పోలేదు.

ఈస్టిండియా కంపెనీ ఓడల్లో వైద్య సహాయకుడిగా కొన్నాళ్ళు తిరిగి, 1776లో ఆయన మద్రాసులో సహాయ వైద్యుడిగా కుదిరాడు. అక్కడ ఉండగానే ఉష్ణమాపకం, భారమితి పెట్టుకుని రోజుకు మూడుసార్లు వాతావరణం కొలతలు రాసేవాడు. అవి లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. 1781లో ఆయన్ను సామర్లకోటకు వేశారు. ఉత్తర సర్కార్లు కంపెనీ చేతికి వచ్చి అప్పటికి పదిహేనేళ్ళు. సామర్లకోటలో కంపెనీ పటాలం విడిది ఉండేది. ఆ సిపాయిలకు వైద్యం చెయ్యడం ఆయన ఉద్యోగం, మిగిలిన పొద్దంతా మొక్కలే.

ఆయనకు ఇక్కడ మంచి సావాసం దొరికింది. లిన్నేయస్ దగ్గరే చదువుకున్న కూనిగ్ అనే వైద్యుడు ఈ తీరమంతా తిరుగుతూ మొక్కలు సేకరించేవాడు. 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో ఆయన చనిపోయినప్పుడు చివరి రోజుల్లో దగ్గరుండి చూసినవాడు రాక్స్‌బర్గే. కూనిగ్ తర్వాత కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడి పదవిలోకి విశాఖపట్నంలో ఉంటున్న పాట్రిక్ రస్సెల్ వచ్చాడు. రక్తపింజరికి ఇంగ్లీషు వాళ్ళు రస్సెల్ పేరు పెట్టుకున్నది ఈయనను బట్టే. 1789లో రస్సెల్ స్వదేశం వెళ్ళిపోయాక ఆ పని రాక్స్‌బర్గ్ మీద పడింది.

మధ్యలో ఒక పెద్ద దెబ్బ తగిలింది. 1787 మే నెలలో కోరంగి తీరాన్ని ఉప్పెన ముంచెత్తింది. రాక్స్‌బర్గ్ అంతవరకు పోగుచేసుకున్న మొక్కల నమూనాలు, కాగితాలు ఆ నీటిలో పోయాయి. తుఫానుకి పంట పోగొట్టుకోవడమంటే ఏమిటో ఈ జిల్లాల వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. మన రైతు మళ్ళీ నారు పోసినట్టే ఆయనా మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

ఇక అసలు కథకు వస్తాను. అదే మిరియాల తోట కథ.

ఆ కాలంలో మిరియం అంటే బంగారంతో సమానం. కంపెనీ వారు దాన్ని మలబారు నుంచి కొనవలసి వచ్చేది. అక్కడి రాజులతోను, ఇతర ఐరోపా వర్తకులతోను పోటీ. అలాంటి సమయంలో సామర్లకోటకు ఉత్తరాన ఉన్న కొండల్లో రాక్స్‌బర్గ్‌కు అడవి మిరియాల తీగ కనిపించింది. లోయల్లో తడినేలన, పెద్ద చెట్ల నీడన అది గుబురుగా అల్లుకుని ఉంది. తెలుగువాళ్ళు దాన్ని మిరియాల తీగ అంటారని ఆయన రాసుకున్నాడు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పూస్తుంది, మార్చిలో పండుతుంది అని కూడా రాసుకున్నాడు. తీగలు తెప్పించి సామర్లకోటలో తోట వేయించాడు. 1789 నాటికి సుమారు 50 ఎకరాల్లో 40 వేల నుంచి 50 వేల తీగలున్న తోట అయ్యింది అది. వెయ్యి తీగలకు 500 నుంచి 1,000 పౌన్ల గింజ దిగుబడి వచ్చేదని లెక్క.

అంత తోట వేసి ఊరుకుంటే ఆయన వర్తకుడే అయ్యేవాడు. అక్కడే లిన్నేయస్ శిష్యపరంపర పనికొచ్చింది. మిరియం పువ్వు ఎంత ఉంటుంది? కంకి మీద ఆవగింజంత. దానికి రేకులు లేవు, రంగు లేదు. ఆ పువ్వును విప్పి చూస్తే తీగలన్నీ ఒకటి కావని తేలింది. కొన్ని తీగలకు అన్నీ మగపూలే. కొన్నింటికి అన్నీ ఆడపూలే. ఇంకొన్నింటి కంకుల మీద ఆడపూలతో పాటు, కేసరాలూ అండాశయమూ రెండూ ఉన్న ద్విలింగ పుష్పాలు కలిసి ఉన్నాయి. మూడు ఇళ్ళుగా వేరుపడిన మొక్క అనే అర్థం వచ్చేలా దానికి పైపర్ ట్రయాయికం అని పేరు పెట్టాడు.

ఇదంతా పేరు కోసం చేసిన పని కాదు. కాపు దగ్గర తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. అన్నీ ఆడపూలే ఉన్న తీగల కాయ సరిగా పండేది కాదు, పచ్చిగా ఉండగానే రాలిపోయేది. ఎండబెట్టినా దానికి మామూలు మిరియానికుండే ఘాటు లేదు. ఆడపూలూ ద్విలింగ పుష్పాలూ కలిసి ఉన్న తీగల గింజ మాత్రం నోరు మండిపోయేటంత ఘాటు. వర్తకులు దాన్ని మేలురకం మలబారు మిరియంతో సమానంగా కట్టారు.

దీని అర్థం ఏమిటో ఇవాళ మనం తేలిగ్గానే చెప్పగలం. ఆడ తీగకు పుప్పొడి కావాలి. దగ్గర మగపువ్వు లేకపోతే గింజ కట్టదు, కట్టినా నిలవదు. ద్విలింగ పుష్పాలున్న తీగకు ఆ చింత లేదు. వాన చినుకు కంకి వెంబడి జారుతూ పుప్పొడిని పై పువ్వు నుంచి కింది పువ్వుకు చేరవేస్తుంది. పైగా మిరియాల తీగను కొమ్మ కత్తిరించి నాటుతారు. కొమ్మ ఏ తీగదైతే ఆ లింగమే వస్తుంది. అడవిలో మగ తీగలు పక్కనే ఉంటాయి గనుక ఆడ తీగ కాస్తుంది. ఎంపిక లేకుండా ఆడ తీగ కొమ్మలే తెచ్చి ఎకరాల కొద్దీ నాటితే, ఆకు పచ్చగానే ఉంటుంది, కళ్ళానికి గింజ రాదు. తోట వేసేవాడు ఏ తీగ కొమ్మ కొయ్యాలో ముందే తెలుసుకోవాలన్న పాఠం ఆ తోటలో ఉంది.

ఈనాడు పాడేరు, చింతపల్లి, అరకు కొండల్లో కాఫీ తోటల మధ్య సిల్వర్ ఓక్ చెట్ల మీదకు మిరియాల తీగలు పాకించి గిరిజన రైతులు పంట తీస్తున్నారు. సాగులో ఉన్న మిరియం రకాలన్నీ దాదాపు ద్విలింగ పుష్పాలు ఎక్కువగా ఉన్నవే. తరతరాలుగా రైతులు బాగా కాసిన తీగనే మళ్ళీమళ్ళీ ఎంచి నాటడం వల్ల అలా జరిగింది. కేరళలో తయారైన పన్నియూరు-1 వంటి సంకర రకాలను ఎంపిక చేసేటప్పుడు కూడా ద్విలింగ పుష్పాలు నూటికి ఎన్ని అని లెక్క చూస్తారు. సామర్లకోటలో రాక్స్‌బర్గ్ చూసింది కూడా సరిగ్గా ఆ లెక్కే.

నాకు ఈ సంగతి ఎందుకంత దగ్గరగా అనిపించిందో చెబుతాను. మా పొలం గట్టు మీద తాడిచెట్లున్నాయి. తాటి టెంక పాతితే అది పోతుతాడి అవుతుందో, పెంటితాడి అవుతుందో పన్నెండు, పదిహేనేళ్ళు, ఒక్కోసారి ఇరవయ్యేళ్ళు గడిచి పూస్తేగాని తెలియదు. పెంటితాడి అయితే ముంజెలు, పండ్లు, ఆ పైన తేగలు, బుర్రగుంజు. పోతుతాడికి కల్లు వస్తుంది గాని కాయ ఉండదు. టెంక పాతిన మా తాత చూడకుండానే పోయాడు, అది పోతో పెంటో మా నాన్నకు తెలిసింది. పెరట్లో నాటు బొప్పాయి వేస్తే మా అమ్మ గుంటకు రెండు మూడు మొక్కలు పెడుతుంది. పూత వచ్చాక పొడవాటి కాడలకు పూలు వేలాడే మొక్క మగదని గుర్తుపట్టి, ఒకటి రెండు ఉంచి మిగతావి పీకేస్తుంది. దొండకు గింజ వెయ్యం, కాసే తీగ ముక్కే పాతుతాం, ఎందుకంటే ఆడదే వస్తుంది. ఆగాకరకు దుంప పెడతారు, పది ఆడ తీగలకు ఒక మగ తీగైనా పందిరి మీద ఉండాలి. జన్యుశాస్త్రం అన్న మాట వినకపోయినా మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఇదంతా తెలుసు. పోతు, పెంటి అన్న మాటలు మనవాళ్ళవే. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు వృక్షశాస్త్ర గ్రంథాల్లో కూడా తాడిచెట్టు కింద ఆ రెండు తెలుగు మాటలూ ఎక్కాయి.

రాక్స్‌బర్గ్ మిరియాల తోట కళకళలాడుతున్న రోజుల్లోనే ఈ సర్కారు జిల్లాల మీద పెద్ద కరువు విరుచుకుపడింది. 1789 మొదలుకొని 1792 దాకా వానలు సరిగా లేవు. గంజాం వైపు, గోదావరి వైపు లెక్కలేనంత మంది చనిపోయారు. రాక్స్‌బర్గ్ తన వాన లెక్కలు రాస్తూనే, పూర్వం ఇలాంటి కరువు ఎప్పుడైనా వచ్చిందా అని పిఠాపురం రాజాగారిని అడిగి, ఆయన పూర్వుల నాటి, అంటే 1680ల నాటి కరువు సంగతి తెలుసుకున్నాడు. ఆ కరువులో అన్నం దొరకని పేదలు చిట్టీత బోదె చీల్చి, లోపలి మెత్తటి పిండి తీసి గంజి కాచుకు తాగారని ఆయన రాశాడు. రుచి లేదు గాని అది చాలా ప్రాణాలు నిలబెట్టింది. ఆ చిట్టీతకు ఆయన పెట్టిన పేరులోనే పిండినిచ్చేది అన్న అర్థం ఉంది. అదీ ఆడ మగ వేరుగా ఉండే చెట్టే. కాలువ గట్ల మీద, బాటల పక్కన కొబ్బరి, పనస వంటి తిండి చెట్లు పెంచితే వాన లేని ఏడు జనం ఇలా చావరని కంపెనీకి మొరపెట్టుకున్నాడు.

ఆయన్ను దేవుణ్ణి చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆయన కంపెనీ నౌకరు. మిరియం గాని, నీలిమందు గాని, చక్కెర గాని ఆయన వెతికింది మొదట కంపెనీ లాభం కోసమే. రాజమహేంద్రవరం సర్కారులో రైతులు చెరకు వేసే తీరు, బెల్లం, చక్కెర వండే తీరు పూసగుచ్చినట్టు రాశాడు. ఆ విద్య నేర్పింది రైతులు. అడవిలో మిరియాల తీగ ఉన్న లోయకు బాట చూపించింది కొండవాళ్ళు. పొద్దుట మొక్క తెచ్చిస్తే సాయంత్రానికి వాడిపోకముందే బొమ్మ గీసింది మన దేశపు చిత్రకారులు. వీళ్ళలో ఎవరి పేరూ ఆయన పుస్తకంలో మనకు కనపడదు. మొక్క పేరు చివర తోక మాత్రం ఆయనది. ఈ లెక్క సరిగా లేదని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటూనే ఇంకో సంగతి కూడా చెప్పాలి. ప్రతి మొక్కకూ తెలుగువాళ్ళు ఏమంటారో అడిగి రాయడం ఆయన మానలేదు. సోమిద చెట్టు బెరడు జ్వరానికి వాడతారని ఇక్కడ విని దాన్ని పరీక్షించాడు. తర్వాత ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు ఒకరు ఆ చెట్టు ప్రజాతికి సోమిద అనే తెలుగు పేరునే లాటిన్ వేషం వేసి సోయ్‌మిడా అని నిలిపాడు. ప్రపంచంలో ఎవరు ఆ చెట్టు పేరు రాసినా ఒక తెలుగు మాట రాస్తున్నట్టే.

ఆయన పంపిన బొమ్మల్లోంచి, వర్ణనల్లోంచి ఎంచి లండన్‌లో సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో కోరమాండల్ తీరపు మొక్కలు అనే గ్రంథం 1795లో మొదలై 1820 దాకా మూడు సంపుటాలుగా వెలువడింది. మొత్తం 300 పటాలు. మన తుమికి చెట్టు, తాడిచెట్టు మొదటి సంపుటంలోనే ఉన్నాయి. తాడికి ఒక పటం చాలలేదు, రెండు వేశారు.

1793లో రాక్స్‌బర్గ్‌కు కలకత్తా బదిలీ అయ్యింది. హుగ్లీ ఒడ్డున శిబ్‌పూర్‌లో కంపెనీ పెట్టిన వృక్షోద్యానానికి అధికారిగా వెళ్ళాడు. ఆయన వెళ్ళిన మరుసటి ఏడే, 1794 జూలైలో, పద్మనాభం యుద్ధంలో విజయరామరాజు కంపెనీ సైన్యం చేతిలో నేలకొరిగాడు. ఆయన ఏ కొలువులో బ్రతికాడో, ఆ కొలువు ఈ నేల మీద ఏం చేసిందో ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది. సామర్లకోట తోటను బెంజమిన్ హైన్ అనే మరో వైద్యుడికి అప్పగించారు. అటుపైన ఆ మిరియాల తోట నిలవలేదు.

కలకత్తాలో ఇరవయ్యేళ్ళు పనిచేశాడు. దేశం నలుమూలల నుంచి మొక్కలు తెప్పించాడు. 2,500కు పైగా బొమ్మలు గీయించాడు. శ్రీరాంపురంలో ఉన్న విలియం కేరీ ఆయనకు ఆప్తుడయ్యాడు. తోటలోని మొక్కల జాబితాను 1814లో కేరీయే అచ్చు వేయించాడు. అప్పటికే రాక్స్‌బర్గ్ ఆరోగ్యం పాడై 1813లో ఓడెక్కాడు. దారిలో సెంట్ హెలీనా దీవిలో ఆగవలసి వచ్చింది. ఒంట్లో బాగులేని మనిషి అక్కడ కూడా ఊరుకోక ఆ దీవి మొక్కల జాబితా తయారుచేశాడు. 1815 ఫిబ్రవరిలో ఎడింబరోలో కన్నుమూశాడు. ఆయన జీవితకాలపు శ్రమ అయిన ఫ్లోరా ఇండికా ఆయన చూడకుండానే అచ్చయ్యింది. 1820లో మొదటి భాగం, 1832లో పూర్తి గ్రంథం. మన మిరియాల తీగ 1820 నాటి ఆ మొదటి భాగంలో ఉంది.

రాక్స్‌బర్గ్ చూశాడు, లెక్కపెట్టాడు, రాశాడు. కాని ఒక గింజ ఎందుకు ఆడదవుతుంది, ఇంకోటి ఎందుకు మగదవుతుంది అన్న ప్రశ్నకు జవాబు చెప్పే సాధనం ఆయన కాలానికి లేదు. ఆయన పోయిన ఏడేళ్ళకు, 1822లో, మెండెల్ పుట్టాడు. మెండెల్ సూత్రాలను తిరిగి వెలికితీసిన వారిలో ఒకడైన కారెన్స్ 1907లో బ్రయోనియా అనే తీగ మీద పనిచేసి, మొక్కల్లో లింగభేదం కూడా తల్లిదండ్రుల నుంచి వారసత్వ నియమాల ప్రకారమే వస్తుందని చూపించాడు. ఆ బ్రయోనియా మన దొండ, ఆగాకర కుటుంబానిదే. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి మన దేశపు శాస్త్రజ్ఞులు దొండ కణాలను సూక్ష్మదర్శిని కింద చూసి, 24 క్రోమోసోముల్లో ఆడ తీగకు రెండు ఎక్స్‌లు, మగ తీగకు ఒక ఎక్స్, ఒక వై ఉన్నాయని, ఆ వై మిగతా అన్నిటికన్నా పెద్దదని తేల్చారు. మనుషుల్లో వై చిన్నది, దొండలో వై పెద్దది! పూలు పూసే మొక్కల్లో ఆడా మగా పూర్తిగా వేరుగా ఉండేవి నూటికి అయిదారు మాత్రమే. వాటిలో ఇలా క్రోమోసోము ఆకారంలోనే తేడా కనిపించేవి మరీ తక్కువ. అలాంటి అరుదైన మొక్క మన పెరటి కంచె మీద పాకుతోంది.

మన తుమికి చెట్టు ప్రజాతికే చెందిన మరో జాతి చెట్టు మీద జపాన్, అమెరికా శాస్త్రజ్ఞులు పనిచేసి 2014లో ఒక గొప్ప సంగతి ప్రకటించారు. ఆ చెట్టులో కేసరాలు ఎదగకుండా ఆపే జన్యువు ఒకటి ఆడా మగా రెండింటిలోనూ ఉంటుంది. మగ చెట్టు వై క్రోమోసోము మీద ఉన్న ఇంకో జన్యువు ఒక చిన్న ఆర్ఎన్ఏను తయారుచేసి, ఆ మొదటి జన్యువు నోరు నొక్కేస్తుంది. నోరు నొక్కితే మగ, నొక్కకపోతే ఆడ. ఇంత సులువుగా ఉంది తాళం. జపాన్ భాషలో ఆడచెట్టు, మగచెట్టు అనే మాటలు పలికేలా ఆ జన్యువులకు మెగీ, ఓగీ అని పేర్లు పెట్టుకున్నారు. మన పోతు, పెంటి లాగే!

2018లో ఈత, ఖర్జూరం ఉన్న ప్రజాతిలోని 14 జాతులనూ కలిపి జన్యు పరిశీలన చేశారు. రాక్స్‌బర్గ్ పేరు మోస్తున్న మన ఈత చెట్టు అందులో ఒకటి. అన్ని జాతుల మగ చెట్లలోనూ సమానంగా కనిపించే గుర్తులు నాలుగు జన్యువుల్లోనే ఉన్నాయని తేలింది. వాటిలో రెండు మగపువ్వు తయారీకి కావలసినవి, అవి ఆడ చెట్టులో లేవు. ఇంకొకటి ఆడ భాగాలను అణిచేస్తుందని అనుకుంటున్నారు. అంటే ఒకప్పుడు రెండు లింగాలూ కలిసి ఉన్న పువ్వు, రెండు మార్పులు జరిగి రెండు చెట్లుగా విడిపోయిందన్నమాట. రాక్స్‌బర్గ్ మిరియాల తీగలో మగ, ఆడ, ద్విలింగ అనే మూడు రకాలూ పక్కపక్కనే కనిపించాయి. ఒక్క పువ్వు రెండు మొక్కలుగా వేరుపడే దారిలో అలాంటి మధ్య మజిలీలు ఉంటాయని ఇప్పుడు మనకు తెలుసు. కళ్ళతో ఆయన చూసిన దానికీ, జన్యువుల్లో మనవాళ్ళు చదువుతున్నదానికీ ఇదే సంబంధం.

ఇందులో రైతుకు ఒరిగేదేమిటి? మొలక దశలోనే ఒక ఆకు ముక్క పరీక్షించి ఇది ఆడ, ఇది మగ అని చెప్పగలిగితే, తాటి టెంక పాతినవాడు ఇరవయ్యేళ్ళు ఎదురు చూడక్కర్లేదు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో తాటి మీద పనిచేసే ఉద్యాన పరిశోధనా కేంద్రం ఉంది. అలాంటి చోట పనిచేసే భాగ్యం మన కళాశాలలో చదివిన వాళ్ళకు రావాలని నా కోరిక. ఒక హెచ్చరిక కూడా ఉంది. కాయ కాయదు గదా అని ఊళ్ళల్లో పోతుతాడినే ముందు కొట్టేస్తున్నారు. ఊరి పోతులన్నీ పోతే పుప్పొడి ఎక్కడినుంచి వస్తుంది? కాపు లేని ఆడ తీగలతో సామర్లకోట తోట రెండు శతాబ్దాల కింద ఈ జవాబే చెప్పింది.

మిత్రులారా, మన కళాశాల ఆవరణలోనే తాడి, ఈత, బొప్పాయి ఉన్నాయి. వాటికి లాటిన్ పేరు రాసిన రేకు ముక్క ఒకటి కడుతుంటాం. వృక్షశాస్త్ర సంఘం వారికి నా మనవి ఏమిటంటే, ఆ రేకు మీద ఇంకో రెండు సంగతులు రాయించండి. మన ఊరివాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారో ఒకటి, అది పోతో పెంటో రెండోది. ఆ పేరు చెప్పిన ముసలయ్య పేరో, ముసలమ్మ పేరో అడిగి కింద చేర్చండి. రాక్స్‌బర్గ్ మొదటి రెండు పనులూ చేశాడు. మూడోది మనకు మిగిల్చాడు.